సమాధానం: అధ్యక్షుడు సంతకం పెట్టకపోతే బిల్లు పోయినట్టేనా?

అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టకుండా ఊరుకుంటే బిల్లు పోయినట్టేనని మీ ఫ్రెండ్ ఎక్కడో విన్నారట, నిజమేనా అని అడిగారు కదండీ. చాలాసార్లు పోదు. ఆదివారాలు మినహాయించి 10 రోజుల్లో ఆయన సంతకమూ పెట్టక, వెనక్కీ పంపకపోతే, అది దానంతటదే చట్టమైపోతుంది. తిరకాసల్లా ఒకటే. ఈలోగా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సమావేశాలు ముగిసి, తిప్పి పంపే వీలు లేకపోతే మాత్రం బిల్లు పోయినట్టే. దీన్నే పాకెట్ వీటో అంటారు (వీటో అంటే అధ్యక్షుడు బిల్లును తిరస్కరించడం). మీ ఫ్రెండ్ విన్నది బహుశా ఇదే.

మామూలు వీటో అయితే అభ్యంతరాలు రాసి, బిల్లు పుట్టిన సభకే పంపాలి. రెండు సభల్లోనూ ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది మళ్ళీ సరేనంటే వీటో చెల్లదు.

బిల్లులో తనకు నచ్చని పద్దు ఒక్కటే కొట్టేయడం అధ్యక్షుడికి కుదరదు. 1996లో కాంగ్రెస్ ఆ అధికారం ఇచ్చింది, అప్పటి అధ్యక్షుడు క్లింటన్ వాడారు కూడా. 1998లో సుప్రీంకోర్టు 6-3తో ఆ చట్టాన్నే కొట్టేసింది.