ఏడో నెలలో నడుము నొప్పి, కదలాలంటే భయం

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. తొలి కాన్పు, ఏడో నెల. రెండు వారాలుగా నడుము నొప్పి. వంగినా, మెట్లెక్కినా బిడ్డ జారిపోతుందేమోనని భయమేస్తోంది. మా అత్తమ్మ ఏ పనీ ముట్టనివ్వడం లేదు. రోజంతా పడుకునే ఉంటున్నాను. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది. కాన్పయ్యేదాకా ఇలాగే పడుకోవచ్చా?
– ఒక సోదరి, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

సమాధానం: పడుకోవడం సంగతి తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి. వాటి పేరు మీరు రాయలేదు. నొప్పి అనగానే షాపుల్లో ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకాలే. 20 వారాలు దాటాక వీటివల్ల బిడ్డ మూత్రపిండాల పనితీరు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చు. ఏడో నెల దాటుతున్నప్పుడు, పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. నొప్పి సూదులకూ ఇదే వర్తిస్తుంది. మాత్ర ఇచ్చినతను మీకు ఎన్నో నెల అని అడిగాడా? అడగకపోయినా మీరు చెప్పాలి కదా తల్లీ! వేసుకున్న ప్రతి ఒక్కరికీ ఇలా జరగదు, కంగారు వద్దు. కానీ ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి. ఉమ్మనీరు స్కాన్ అవసరమో కాదో వారు చెబుతారు. పారాసిటమాల్ అయినా సరే, ఎంత, ఎన్ని రోజులు అన్నది వారినే అడగండి.

వంగితే, నడిస్తే బిడ్డ జారిపోదు. పొట్ట ముందుకు పెరగడం, హార్మోన్ల వల్ల కటి కీళ్లు వదులవడం ఈ నొప్పికి సాధారణ కారణాలు. పడుకునే ఉంటే కండరాలు నీరసిస్తాయి, లేచినప్పుడు నొప్పి పెరుగుతుంది, దాంతో భయమూ పెరుగుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఉంది. భయపడేవారు కుర్చీలోంచి లేచేటప్పుడు ఊపిరి బిగబట్టి, నడుమును కర్రలా బిగిస్తారు. ఆ బిగింపుతోనే నొప్పి ఇంకా తెలుస్తుంది. ఊపిరి వదులుతూ లేవండి. మంచం మీద ముందు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి దించి, చేతులతో నెట్టుకుంటూ కూర్చోండి. పూటకు పది నిమిషాలు ఇంటి ముందే నడవండి, ఓపికను బట్టి పెంచండి. పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి. నీళ్ల బిందెలు మాత్రం ఎత్తవద్దు. మాయ కిందికి ఉందనో, మరే కారణంతోనో మీ డాక్టరు విశ్రాంతి చెప్పి ఉంటే వారి మాటే వినండి.

మిమ్మల్ని పరీక్షించకుండా ఇంతకు మించి చెప్పలేను. నన్ను ఆందోళన పెడుతున్నది మీరు రెండు వారాలు ఆగడం. మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా నడుము నొప్పిలాగే మొదలవుతుంది, మాత్రతో అది కప్పబడిపోతుంది. వచ్చిపోతూ పొట్ట గట్టిపడే నొప్పి నెలలు నిండని కాన్పుకు సూచన కావచ్చు. జ్వరం, మూత్రంలో మంట, రక్తం కనిపించడం, ఉమ్మనీరు కారడం, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గడం, ఒక పిక్క వాచడం, మూత్రం ఆపుకోలేకపోవడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రయినా 108కి ఫోన్ చేయండి.

మీ మండలం పేరు చూశాక ఇంకో మాట. బోరు నీళ్లు తాగుతున్నారా? మీ ప్రాంతపు బోరు నీళ్లలో ఎముకలకు, కీళ్లకు చేటు చేసే ఫ్లోరైడ్ ఎక్కువ. మీ నొప్పికి ఫ్లోరైడే కారణమని అనడం లేదు. అయినా తాగడానికి, వంటకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లే వాడండి.

ఏ లక్షణమూ లేకపోయినా రేపే వెళ్లి మూత్ర పరీక్ష చేయించుకోండి. అత్తమ్మను వెంట తీసుకెళ్లండి, మీరు నడవవచ్చన్న మాట ఆవిడ కూడా డాక్టరు నోటే వినాలి.