గుండెపై పరిశోధన చేస్తానంటోంది, పంపించవచ్చా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు పరిశ్రమలో పనిచేస్తాను. మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. నీట్‌లో సీటు రాలేదు. మా అమ్మ గుండెపోటుతో పోయినప్పటి నుంచి, హార్మోన్లు గుండెను ఎలా కాపాడతాయో పరిశోధిస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఈ చదువుకు భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందమ్మా, పంపించండి. పీహెచ్‌డీ చేతికి వచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుందని మాత్రం ఇప్పుడే తెలుసుకుని ఉండండి. నీట్ పోయింది కాబట్టి ఇది ఊరట కోసం చదివే చదువు అనుకోకండి. గుండె డాక్టర్లు కూడా ఎదురుచూస్తున్న జవాబులు ఇందులో ఉన్నాయి.

మీ అమ్మాయి దేని గురించి తపన పడుతోందో మీకూ తెలియాలి. గుండె కండర కణంలో దాదాపు మూడో వంతు చోటు మైటోకాండ్రియా అనే చిన్న చిన్న శక్తి కేంద్రాలదే. గుండె కొట్టుకోవడానికి కావలసిన శక్తి ఎక్కువగా అక్కడే, ఏటీపీ అనే రసాయనం రూపంలో తయారవుతుంది. (1929లో ఏటీపీని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.) రక్తనాళం మూసుకుపోతే గుండెకు మొదటి దెబ్బ. దాన్ని తెరిచి రక్తం పారించినప్పుడు రెండో దెబ్బ. ఎండిన మడికి ఒక్కసారిగా కాలువ వదిలితే గట్లు కోసుకుపోయినట్టు, తిరిగొచ్చిన రక్తం వల్లే కణంలో కాల్షియం పోగుపడుతుంది, మైటోకాండ్రియా పొరలో రంధ్రం తెరుచుకుంటుంది, కణం చనిపోతుంది. హార్మోన్ల సంగతి ఇక్కడే వస్తుంది. ఆడవాళ్లలో ఎక్కువగా ఉండే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను కణంలో అందుకునే గ్రాహకాల్లో ముఖ్యమైనవి మూడు: ఆల్ఫా, బీటా, జీపీఈఆర్. ఈ మూడోదాన్ని ప్రేరేపిస్తే ఎలుకల గుండెల్లో ఆ రంధ్రం అంత తేలిగ్గా తెరుచుకోవడం లేదని, చచ్చిపోయే కండరం తగ్గుతోందని ప్రయోగాల్లో తేలింది.

అలాగైతే ఆడవాళ్లకు హార్మోన్ మాత్రలు ఇస్తే సరిపోదా అనిపిస్తుంది. అమెరికాలో ముట్లుడిగిన స్త్రీలకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే మరో హార్మోన్ మందు కలిపి ఇచ్చి చూశారు. గుండెకు మేలు జరగకపోగా గుండెపోట్లు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ పెరగడంతో 2002లో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఎలుకకు దక్కిన రక్షణ మనిషికి ఎందుకు దక్కలేదు? ఏ గ్రాహకాన్ని, ఏ వయసులో, ఎంతసేపు ప్రేరేపించాలి? మీ అమ్మాయిలాంటి వాళ్లు తేల్చవలసింది ఇదే.

పని ఎలా ఉంటుందో కూడా ముందే తెలియాలి. ఎలుక గుండెను గాజు గొట్టానికి వేలాడదీసి, పోషక ద్రవం పారిస్తూ బయటే కొట్టుకునేలా చేస్తారు. కాసేపు ద్రవం ఆపి, మళ్లీ వదులుతారు. తర్వాత ఆ కండరాన్ని మంచు మీదే నలిపి, సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పితే అడుగున గోధుమ రంగు ముద్ద మిగులుతుంది. అదే మైటోకాండ్రియా. అందులో కాల్షియం కొద్దికొద్దిగా కలుపుతూ, అది ఎప్పుడు ఉబ్బుతుందో యంత్రంలో కనిపెడతారు. మంచు కరిగితే ఆ రోజు పనంతా వృథా. జంతువులపై ఇలా ప్రయోగం చేయగలదో లేదో అమ్మాయే ఆలోచించుకోవాలి. చేయలేనంటే తప్పేమీ లేదు, పెంచిన కణాలపై పనిచేసే ల్యాబ్‌లూ ఉన్నాయి.

ఎమ్మెస్సీకి 'గుండె' పేరున్న కోర్సు వెతక్కండి. బయోకెమిస్ట్రీ లేదా బయోటెక్నాలజీ చాలు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్ రాయాలి. ఎక్కడ చేరినా చివరి సెమిస్టర్ ప్రాజెక్టు విద్యార్థి చేత్తో చేయిస్తారా, కాగితాల మీద ముగిస్తారా అని సీనియర్లను అడగమనండి. నేనైతే కాలేజీ పేరు కన్నా దీనికే ఎక్కువ విలువ ఇస్తాను.

తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. అప్పటి నుంచి మీరు డబ్బు పంపనక్కరలేదు. వయోపరిమితి 30 ఏళ్లయినా ఆడపిల్లలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. బీఈడీ ఎటూ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు. మీ జిల్లాలోని పైడిభీమవరం మందుల కంపెనీల్లో తయారీ, నాణ్యత పరీక్షల పనులే ఎక్కువ కాబట్టి, పరిశోధన కావాలంటే ఊరు దాటక తప్పదు.

ఈ నేర్పు గుండెకే పరిమితం కాదు. కిడ్నీ కణాలు కూడా మైటోకాండ్రియా మీదే ఆధారపడతాయి. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుల బాధ చూస్తూ పెరిగిన పిల్లకు అది ఎంత పెద్ద అవసరమో నేను చెప్పనక్కరలేదు.

మీరు బీసీలైతే ఈలోగా తహసీల్దార్ కార్యాలయంలో కేంద్ర నమూనాలో ఓబీసీ ధ్రువపత్రం తీసుకోండి. రాష్ట్ర నమూనా పత్రం కేంద్ర సంస్థల ప్రవేశాలకు పనికిరాదు.