ఖాళీ వకాల్తాపై వేలిముద్ర వేయించవచ్చా?

ప్రశ్న: నాన్నగారు పోయిన తరువాత తాతగారి మాగాణి విషయమై బాబాయిగారు పంపకం దావా వేశారు. అమ్మకూ, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న అన్నయ్యకూ, నాకూ కోర్టు నుండి సమన్లు వచ్చాయి. మేము మాట్లాడుకున్న ప్లీడరుగారి గుమస్తా ఖాళీ వకాల్తా ఫారాలు ఇచ్చి, సంతకాలు పెట్టి పంపితే మిగతాది తామే నింపుకుంటామన్నారు. అమ్మకు చదువు రాదు, వేలిముద్ర వేస్తుంది. అలా ఇవ్వవచ్చా? అన్నయ్య సంతకం మాటేమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, ఖాళీ ఫారంపై మీరు సంతకం పెట్టవద్దు, మీ అమ్మగారి చేత వేలిముద్ర అసలే వేయించవద్దు. గుమస్తాగారి ఉద్దేశం మంచిదే కావచ్చు. పని తొందరగా సాగాలని చాలాచోట్ల ఇలాగే అడుగుతారు. కాని వకాల్తా అంటే మీ తరఫున కోర్టులో నడుచుకునే అధికారాన్ని మరొకరి చేతిలో పెట్టే పత్రం. ఆ అధికారంతో న్యాయవాది చేసే పనులకు మీరు కట్టుబడవలసి ఉంటుంది. సివిల్ దావాలు నడిచే పద్ధతిని చెప్పే చట్టమైన సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం కక్షిదారు గాని, ఆయన తరఫున అధికారం పొందినవారు గాని సంతకం చేసిన రాతపూర్వక పత్రం లేనిదే న్యాయవాది ఆ కేసులో వ్యవహరించడానికి వీలు లేదు.

సంతకానికి ముందే ఫారంలో కోర్టు పేరు, దావా నంబరు, వాది ప్రతివాదుల పేర్లు దావా పత్రంలో ఉన్నట్లే ఉండాలి. మీలో ఎవరు ఎన్నవ ప్రతివాదో రాసి, ప్రతి సంతకం పక్కనా ఆ మనిషి పూర్తి పేరు, తేదీ వేయాలి. న్యాయవాది పేరు, చిరునామాతో పాటు వకాల్తాను స్వీకరించినట్లు ఆయన సంతకం కూడా ఉండాలి. సంతకం చేసిందెవరో తెలియకుండా, ఏ హోదాలో చేశారో రాయకుండా వకాల్తాలు దాఖలవుతున్నాయని 2005లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ప్రత్యేకంగా ఎత్తి చూపింది. ఇటువంటి లోపాలను సరిదిద్దుకునే అవకాశం కోర్టు ఇస్తుంది గాని, ఆ సవరణకు పోయే వాయిదాలు మీవే.

అచ్చు ఫారంలోని చిన్న అక్షరాలను ఓపికగా చదివించుకోండి. దావాను రాజీ చేయడానికీ, కోర్టులో జమ అయిన సొమ్మును తీసుకోవడానికీ న్యాయవాదికి అధికారం ఇస్తున్నట్లు సాధారణంగా అందులో ఉంటుంది. వకాల్తా ద్వారా అధికారం పొందిన న్యాయవాది కక్షిదారు తరఫున రాజీపై సంతకం చేయవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. భూమి పంపకం వంటి కేసులో ఇది చిన్న మాట కాదు. మీకు తెలియకుండా రాజీ జరగకూడదనుకుంటే, ఆ వాక్యాన్ని కొట్టివేసి పక్కన పొడి సంతకాలు చేస్తామని ప్లీడరుగారితో నేరుగా చెప్పండి. అలా అడగడం ఆయనను అనుమానించడం కాదు, నిజాయితీ గల న్యాయవాది దీనికి నొచ్చుకోరు.

ఇక అమ్మగారి సంగతి. మన కోర్టుల వకాల్తా ఫారంలో, అందులోని విషయాలను కక్షిదారుకు తెలిసిన భాషలో చదివి వినిపించి వివరించామని, ఆమె అర్థం చేసుకుని తమ ఎదుటే వేలిముద్ర వేశారని ధ్రువీకరించే భాగం ఉంటుంది. ఆ మాటలు నిజం కావాలి. ఆమెను కూర్చోబెట్టి, ఏ పొలం గురించి, ఎవరు వేసిన దావాలో, ఏ ప్లీడరుగారికి అధికారం ఇస్తున్నదో తెలుగులో చెప్పి, ఆమె నోటితో తిరిగి చెప్పించుకున్న తరువాతనే వేలికి సిరా పూయండి. గీతలు అలుక్కుపోకుండా ముద్ర స్పష్టంగా పడాలి. ఏ చేతి బొటనవేలిదో, ఎవరిదో పక్కన రాయాలి. ధ్రువీకరించేవారు ఆ సమయంలో అక్కడ ఉండి తీరాలి. ఇంట్లో ముద్ర వేయించి, తరువాత బజారులో ఎవరిచేతనో సంతకం పెట్టించడం తప్పు.

మీ అన్నయ్యకు రెండు దారులున్నాయి. పూర్తిగా నింపిన వకాల్తాను ఆయనకు పంపి, అక్కడి భారత కాన్సులేటులో అధికారి ఎదుట సంతకం చేయించి తెప్పించుకోవడం మొదటిది. కేసు ఏళ్ల తరబడి నడిచేటట్లుంటే, ఆయన మీ పేరిట జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహరించే అధికారాన్ని మీకిచ్చే పత్రం) రాసి, కాన్సులేటులో ధ్రువీకరింపజేసి పంపడం రెండవది. ఆ పత్రం మన దేశానికి చేరిన 3 నెలలలోగా ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి. అప్పుడు వకాల్తాపై ఆయన తరఫున మీరు సంతకం చేసి, ఏ హోదాలో చేశారో రాసి, పవర్ నకలు జతపరచాలి. అయితే ఆయనకు మాత్రమే స్వయంగా తెలిసిన విషయాలపై ఆయనకు బదులు మీరు సాక్ష్యం చెప్పడం చెల్లదు. మీకు స్వయంగా తెలిసిన సంగతులే మీరు చెప్పగలరు.

ఇవన్నీ చూసుకుంటూ గడువు దాటనీయకండి. సమన్లు అందిన 30 రోజులలోగా జవాబు దావా, అంటే వాది దావాకు మీ రాతపూర్వక జవాబు, దాఖలు చేయాలి. కారణం చూపితే కోర్టు ఆ గడువును సమన్లు అందిన నాటి నుండి మొత్తం 90 రోజుల వరకూ పొడిగించవచ్చు. అన్నయ్య కాగితం ఆలస్యమయ్యేటట్లుంటే, మీరూ అమ్మగారూ ముందుగా వకాల్తా వేసి, ఆయన పక్షాన గడువు కోరే విషయం ప్లీడరుగారితో మాట్లాడండి. కోర్టు ఫీజు స్టాంపు, అడ్వొకేట్ల సంక్షేమ నిధి స్టాంపు అంటించిన తరువాత, దాఖలు చేసే ముందు, వకాల్తాకు రెండు వైపులా ఫొటో తీసి మీ దగ్గర ఉంచుకోండి.