సీ డ్రైవ్ నిండిపోయింది, ఏం తీసేయాలి?

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ గీత ఎర్రగా మారిందంటే ఖాళీ 10 శాతం లోపు పడిపోయిందన్నమాట. టెన్షన్ పడి ఏవేవో క్లీనర్ యాప్‌లు మాత్రం వేయకండి, విండోస్‌లో ఉన్నదే చాలు.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, ఆపైన టెంపరరీ ఫైల్స్ తెరవండి. పెద్ద అప్‌డేట్ తర్వాత మిగిలే పాత విండోస్ కాపీ ఇక్కడే కనిపిస్తుంది, ఒక్కోసారి 20 జీబీ దాకా ఉంటుంది. 10 రోజులకు అదే పోతుంది, ఆగలేకపోతే ఇప్పుడే తీసేయండి. కానీ తీసేశాక పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లలేరు. ఇదే జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ పెట్టేముందు లోపల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు ఉన్నాయేమో చూసుకోండి. తర్వాత రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి.

ఇంకా చాలకపోతే హైబర్నేషన్ (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి ల్యాప్‌టాప్‌ను ఆపేసే పద్ధతి) ఆపేయండి. దాని ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, అంటే 16 జీబీ ర్యామ్‌కు 6 జీబీ పైనే తింటుంది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ (ల్యాప్‌టాప్ త్వరగా ఆన్ అయ్యే సదుపాయం) కూడా పోతుంది, వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ ఉంటే పెద్ద తేడా తెలియదు.

విండోస్ తన సిస్టమ్ ఫైళ్లు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్‌ను చేత్తో డిలీట్ చేయొద్దు. దానికి చూపించే సైజు ఎంతున్నా అది నిజంగా అంత పెద్దది కాదు, ఒకే ఫైల్ రెండుచోట్ల లెక్కకు వస్తుందంతే.