అమెరికా వస్తున్న నాన్నగారికి తేలికైన మెటల్ డిటెక్టర్

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, నాకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది, ఫిబ్రవరిలో వెళ్తున్నాను. వేసవికి నాన్నగారిని ఆరు నెలలు తీసుకెళ్తాను. ఆయనకి డెబ్బై ఒకటి. ఇరిగేషన్‌లో రిటైరయ్యారు, ఊరికే కూర్చోలేరు. అక్కడి పెద్దవాళ్లు మెటల్ డిటెక్టర్ పట్టుకుని నాణేలు వెతికే వీడియోలు చూసి తనకీ అది కావాలంటున్నారు. తేలికైనది ఏది కొనాలి?"

నేను డాలస్ చేరి ఇరవై రెండేళ్లు. ఈ ప్రశ్న వచ్చినప్పుడు సంక్రాంతికని విజయవాడలో, సత్యనారాయణపురంలోని అమ్మావాళ్లింట్లో ఉన్నాను. జవాబు రాసి ఊరుకోకుండా మర్నాడే బస్సెక్కి గుంటూరు వెళ్లి ఆ తమ్ముడి నాన్నగారిని, అంటే బాబాయిగారిని, చూసి వచ్చాను. ఎందుకంటే ఈ విషయంలో మా ఇంట్లో ఒకసారి పెద్ద పొరపాటు జరిగింది.

ఎనిమిదేళ్ల కిందట మా మావయ్యగారు పటమట నుంచి మా దగ్గరికి వచ్చారు. అప్పుడాయనకి డెబ్బై రెండు. ఇదే సరదా పుట్టింది. మేం ఒక దుకాణానికి వెళ్లి, అక్కడి అబ్బాయి "అన్నిటికన్నా లోతుగా చూసేది ఇదే" అంటే నమ్మి కొనేశాం. రెండు కిలోల పైన బరువు. మొదటి వారం ఆయన ఉత్సాహం చూసి మేమూ మురిసిపోయాం. రోజూ సాయంత్రం జేబులో నాలుగు క్వార్టర్లు (పావు డాలరు నాణేలు), రెండు డైములు (పది సెంట్ల నాణేలు) తెచ్చి మనవడి చేతిలో పోసేవారు. మూడో వారం ఒక పొద్దున ఆయన కాఫీ గ్లాసు ఎడమ చేత్తో అందుకున్నారు. అప్పుడు చూశాను, కుడి చెయ్యి భుజం పైకి లేవడం లేదు. పది రోజులుగా తల దువ్వుకోవడానికి కూడా బాధపడుతూ మాకు చెప్పలేదట, "ఖరీదు పెట్టి కొన్నారు కదమ్మా" అని. భుజం స్నాయువు వాచిందని ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఆయన తిరిగి వెళ్లేదాకా ఆ మిషన్ గరాజ్‌లోనే ఉండిపోయింది. ఆరు నెలల్లో ఆయనకి ఆసరాగా ఉన్న ఒక్క వ్యాపకం మూడు వారాల్లో ముగిసింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఎవరడిగినా మోడల్ పేరు ముందు చెప్పను. లోతు సంగతి తర్వాత, ముందు పెద్దాయన భుజం, చెవి, మోకాలు చూడమంటాను.

పెట్టె మీద రాసిన బరువు పూర్తి నిజం చెప్పదు. కావడిబద్దకి రెండు పక్కలా కుండలుంటే మనిషి మైలు నడుస్తాడు. ఒక పక్కే కుండ కడితే పది అడుగులు కూడా కష్టం. డిటెక్టర్‌ది అదే లెక్క. నేలకి దగ్గరగా ఉండే గుండ్రటి కాయిల్ చేతికి దాదాపు ఒక మీటరు ముందు వేలాడుతుంది. దాన్ని గంటల తరబడి ఇటూ అటూ ఊపాలి. కాయిల్‌లో వంద గ్రాములు పెరిగితే మణికట్టుకి, భుజానికి ఎంతో తెలుస్తుంది. అదే వంద గ్రాముల బ్యాటరీ మోచేతి వెనక ఉంటే భారం తెలియకపోగా ముందు బరువుకి తూకంగా పనికొస్తుంది. కాబట్టి కిలో మూడొందల గ్రాముల మిషన్ ఒకటి హాయిగా ఉండొచ్చు, కిలో నూటయాభైది ఇంకొకటి చెయ్యి లాగేయొచ్చు. పదకొండు, పన్నెండు అంగుళాల పెద్ద కాయిల్ వద్దు. ఎనిమిది తొమ్మిది అంగుళాలది చాలు. పెద్ద కాయిల్ ఇంకో రెండంగుళాల లోతు చూస్తుందంటారు గానీ ఆ రెండంగుళాలూ తవ్వాల్సింది మళ్లీ ఆ పెద్దాయనే.

బాబాయిగారింట్లో నేను చేసింది ఇదే. మాప్ కర్ర తీసుకుని, కొసకి అరకిలో ఉప్పు ప్యాకెట్ గట్టిగా కట్టాను. నేలకి ఒక అంగుళం ఎత్తులో, నేలని తాకనీయకుండా, కుడికీ ఎడమకీ మెల్లగా ఊపుతూ వరండాలో పదిహేను నిమిషాలు నడవమన్నాను. ఏడో నిమిషానికి ఆయన మణికట్టు కిందికి వాలింది. భుజం మాత్రం బాగుంది. నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. భుజంలో అయితే కాయిల్ ఇంకా చిన్నది కావాలి. మణికట్టులో అయితే వెనక తూకం ఉన్నది, పిడి లావుగా మెత్తగా ఉన్నది చూడాలి. నడుములో అయితే బరువు తప్పు కాదు, రాడ్ (పిడినీ కాయిల్‌నీ కలిపే కర్ర) పొట్టిదై వంగుతున్నారన్నమాట. బాబాయిగారు పొడగరి కాబట్టి రాడ్ ఎంతవరకు సాగుతుందో తప్పకుండా చూడాలి. మోచెయ్యి నిటారుగా కిందికి వేలాడుతూ ఉండగానే కాయిల్ నేల మీదికి రావాలి.

ఇప్పుడు పేర్లు చెప్తాను. ఫిషర్ ఎఫ్22 కిలో పైన నలభై గ్రాములుంటుంది. రెండు మామూలు పెన్సిల్ సెల్సుతో నడుస్తుంది, బటన్లు తక్కువ. గారెట్ ఏస్ ఏపెక్స్ కిలో నూట ముప్పై. ఆ గారెట్ కంపెనీది మన డాలస్ పక్కనున్న గార్లండే, 1964లో మొదలైంది. మైన్‌ల్యాబ్ వాంక్విష్ 340 కిలో రెండొందలు. అదే వాళ్ల పెద్ద మోడల్ సీటీఎక్స్ 3030 రెండు కిలోల మూడొందలు దాటుతుంది, దాని జోలికి వెళ్లొద్దు. నోక్టా సింప్లెక్స్ ప్లస్ కిలో మూడొందలు, మూడు మీటర్ల నీళ్లలో మునిగినా పాడవదు. అన్నిటికన్నా తేలిక ఫ్రాన్స్ వాళ్ల ఎక్స్‌పీ డియస్ 2. వైర్లు లేకుండా కిలో లోపే ఉంటుంది. కానీ దాని ధర మిగతావాటికి ఎన్నో రెట్లు, సెట్టింగులూ ఎక్కువే. ఆరు నెలల సరదాకి అంత పెట్టడం నాకు సబబనిపించదు. బాబాయిగారికి నేను ఎంచేది ఎఫ్22 లేదా వాంక్విష్ 340. ఆ రెండిట్లో చేతికి ఏది కుదిరితే అది.

ఏపెక్స్, వాంక్విష్ లాంటివి ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు (సంకేతం సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) వాడతాయి. ఉప్పు తడి ఉన్న సముద్రపు ఇసుకలో ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ ఊరికే అరుస్తూ ఉంటుంది. టెక్సస్ సముద్రతీరంలోని గాల్వెస్టన్ బీచికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఆ తేడా ముఖ్యం. ఇంటి దగ్గర పార్కు వరకే అయితే అంత పట్టించుకోనక్కర్లేదు.

చెవి సంగతి చాలామందికి తట్టదు. నాకు దీన్ని మావయ్యగారే నేర్పారు. ఈ మిషన్లలో ఇనుప మేకుకి బొంగురు శబ్దం, వెండికీ రాగికీ కీచుమనే సన్నటి శబ్దం వస్తాయి. వయసుతో ముందు తగ్గేది ఆ సన్నటి శబ్దాలు వినే శక్తే. అంటే దేని కోసం వెతుకుతున్నారో సరిగ్గా దాని పిలుపే పెద్దాయన చెవికి అందదు, మేకులన్నీ మాత్రం బాగా వినిపిస్తాయి. మరుసటిసారి వచ్చినప్పుడు మావయ్యగారు తేలిక మిషన్‌తో నడుస్తూ ఒక మంచి సంకేతం దాటి వెళ్లిపోయారు. పక్కనున్న మనవడు "తాతయ్యా, మోగింది!" అన్నాడు. తవ్వితే 1964 నాటి క్వార్టర్, తొంభై శాతం వెండి. ఆ ఏడాది ముద్ర దాకానే క్వార్టర్లూ డైములూ వెండితో చేశారు. అప్పటి నుంచి ఆయన శబ్దం కన్నా తెర మీద లోహం రకాన్ని సూచించే అంకెలనే చూస్తున్నారు. కాబట్టి అంకెలు పెద్దగా, ఎండలో కూడా కనిపించేవి చూడండి. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. చెవిలో వినికిడి మిషన్ పెట్టుకునేవారైతే చెవి మొత్తాన్ని కప్పే హెడ్‌ఫోన్స్ తీసుకుని, ముందే పెట్టి చూడాలి. కొంచెం ఖరీదైన మోడళ్లలో శబ్దపు స్థాయిని కిందికి దించుకునే వీలుంటుంది. వినికిడి బాగా తగ్గినవారికి ఆ ఒక్క కారణానికే ఎక్కువ డబ్బు పెట్టొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవారు కొనే ముందు గుండె డాక్టరుని అడగాలి, కాయిల్‌ని ఎప్పుడూ ఛాతీ దగ్గరికి తేకూడదు.

బాబాయిగారు ఇంజనీరు కదా, ఇది పనిచేసే తీరు అడిగారు. మన కృష్ణలో రైలు వంతెన కింద పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి, రైల్లోంచి జనం వేసే నాణేలు లాగుతుంటారు కదా, ఇదీ అదేనా అన్నారు. కాదు. అయస్కాంతానికి స్టీలు రూపాయి అంటుకుంటుంది గానీ పాత రాగి నికెల్ రూపాయి, అల్యూమినియం ఇరవై పైసల బిళ్ల అంటుకోవు. అమెరికా నాణేలు కూడా అంటుకోవు. డిటెక్టర్ కాయిల్ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని భూమిలోకి పంపుతుంది. లోహం ఏదైనా సరే, అందులో చిన్న చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. వాటి నుంచి తిరిగొచ్చే సంకేతం ఎంత ఆలస్యమైందో చూసి అది ఏ రకం లోహమో మిషన్ అంచనా వేస్తుంది. అంచనా మాత్రమే. బంగారు ఉంగరమూ, సోడా టిన్ను మూత రింగూ దాదాపు ఒకే అంకె చూపిస్తాయి. అందుకే ఉంగరం కావాలంటే రింగులు చాలా తవ్వాలి. నాణెం సైజు వస్తువు జానెడు లోతు లోపల దొరికితే బాగా దొరికినట్టు. అంతకన్నా లోతు గురించి ఎవరు గొప్పగా చెప్పినా నమ్మొద్దు.

తవ్వడం దగ్గరే మోకాళ్ల పరీక్ష. పిన్‌పాయింటర్ అని చేతిలో పట్టేంత చిన్న కర్రలాంటిది విడిగా అమ్ముతారు. డిటెక్టర్‌లో వంద డాలర్లు తగ్గించుకునైనా సరే అది కొనండి. గోతిలో నాణెం ఏ పక్కనుందో వెంటనే చెప్తుంది, మోకాళ్ల మీద ఉండే సమయం చాలా తగ్గుతుంది. మోకాళ్ల కింద వేసుకునే దిండు, పైకి లేవడానికి ఆసరాగా గట్టి కర్ర కూడా ఉండాలి. డాలస్ నేల మన గుంటూరు నల్లరేగడి లాంటిదే. వానకి జిగురు, ఎండకి బీటలు తీసిన రాయి. జులైలో అక్కడ తవ్వడం పెద్దవాళ్ల పని కాదు. మంచి వాన పడ్డాక రెండు రోజులాగి, పొద్దున తొమ్మిది లోపు వెళ్లడమే మేలు. పచ్చికని గుర్రపులాడం ఆకారంలో కోసి, ఒక పక్క అతుకుంచి పైకెత్తాలి. అయ్యాక మళ్లీ అలాగే మూసి తొక్కాలి. దొరికిన చెత్త కూడా సంచిలో వేసుకుని రావాలి. మన పెద్దవాళ్లు వెళ్లిన చోట గుంటలు మిగిలితే తర్వాత వచ్చే వాళ్లకి ఎవరూ అనుమతి ఇవ్వరు.

అనుమతి సంగతి చాలా గట్టిగా చెప్తున్నాను తమ్ముడూ. అమెరికాలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటం నేరం, చేతిలో పట్టుకు తిరగడం కూడా నేరమే. ప్రభుత్వ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులు తీయకూడదని 1979 చట్టం ఉంది. నగర పార్కుల నియమం ఊరూరికీ మారుతుంది, మీ ఊరి పార్క్స్ డిపార్ట్‌మెంటుకి ఫోన్ చేసి అడగాలి. డాలస్ దగ్గరి లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ లాంటి చెరువులు ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం) చేతిలో ఉన్నాయి. వాళ్ల నియమాల ప్రకారం స్నానాలకి కేటాయించిన ఇసుక ఒడ్డుల్లో వెతకడానికి వీలుంటుంది గానీ, చెరువు ఆఫీసులో అడిగాకే దిగాలి. ఇసుక కాబట్టి మోకాళ్లకీ సుఖం. ఎవరి పెరడైనా సరే, ఇంటి యజమాని నోటితో సరే అనాలి. మొదట్లో నాన్నగారిని ఒంటరిగా పంపొద్దు. భాష, యాస కొత్త. మిషన్ పట్టుకుని తవ్వుతున్న మనిషిని చూసి ఎవరైనా పోలీసుకి ఫోన్ చేస్తే ఆయన కంగారు పడతారు. జేబులో మీ ఫోన్ నంబరు, అడ్రసు రాసిన కార్డు, పాస్‌పోర్ట్ కాపీ ఉండాలి. పేరు చెక్కిన ఉంగరమో, గొలుసో దొరికితే సొంతదారుని వెతికి ఇచ్చేయాలి.

నేను లేచి వస్తుంటే బాబాయిగారు ఆ మిషన్ తిరిగి తెచ్చుకుంటే అమరావతి, భట్టిప్రోలు వైపు తిరగొచ్చు కదమ్మా అన్నారు. వద్దు బాబాయిగారూ, దయచేసి తేవద్దు అన్నాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగిన విలువైన వస్తువు పది రూపాయలు మించినది దొరికితే కలెక్టరుకి తెలపాలి. రక్షిత స్థలాల్లో తవ్వడం అసలే నేరం. భట్టిప్రోలు స్తూపంలో 1892లో ధాతు పేటికలు (పవిత్ర అవశేషాలు దాచిన పెట్టెలు) బయటపడ్డాయి, వాటి మీది అక్షరాలు మన చరిత్రకి ప్రాణం. అలాంటివి ఏ పొరలో, దేని పక్కన ఉన్నాయో రాసుకుంటూ తీస్తేనే వాటికి అర్థం. ఒకరు సరదాకి తవ్వి తీస్తే ఆ సమాచారమంతా పోతుంది. ఆయన చాలాసేపు ఆలోచించి, "సరేనమ్మా, అది నిజం" అన్నారు.

తమ్ముడూ, నువ్వు డాలస్ చేరగానే మిషన్ కొనకు. నాన్నగారు వచ్చి, ప్రయాణం బడలిక తీరాక, దుకాణానికి ఆయన్నే తీసుకెళ్లి రెండు మూడు చేతికిచ్చి ఒక్కోటి పది నిమిషాలు ఊపించు. వాపసు తీసుకుంటారా, ఎన్ని రోజుల్లో అని బిల్లు కట్టే ముందే అడుగు. విజిటర్ ఇన్సూరెన్సులో పాత కీళ్ల నొప్పులకి సాధారణంగా డబ్బు రాదు, కాబట్టి మొదటి వారం రోజుకి ఇరవై నిమిషాలు దాటనివ్వకు. ఈలోగా ఆ మాప్ కర్ర, ఉప్పు ప్యాకెట్ విప్పొద్దని చెప్పాను. రోజూ పొద్దున వరండాలో పది నిమిషాలు, కుడి చెయ్యి ఒకరోజు, ఎడమ చెయ్యి ఒకరోజు.