‘సూపర్‌నేచురల్’ ఆరో సీజన్‌లో క్యాస్టియల్ చేసింది నమ్మకద్రోహమేనా?

‘సూపర్‌నేచురల్’ అమెరికన్ టీవీ సీరియల్: దెయ్యాలను వేటాడే అన్నదమ్ములు డీన్, సామ్, వాళ్ల దోస్తైన దేవదూత క్యాస్టియల్. అతను చేసింది ద్రోహమా కాదా అని హన్మకొండ హాస్టల్‌ల దోస్తులు రెండు జట్లయ్యారని ఒకరు రాశారు. నా లెక్కన ఉద్దేశం మంచిదే, ద్రోహం మాత్రం ద్రోహమే.

ప్రళయాన్ని మళ్లీ మొదలుపెడతానన్న ప్రధాన దేవదూత రాఫెల్‌ను ఆపే బలం క్యాస్టియల్‌కు లేదు. అందుకే నరకపు రాజు క్రౌలీతో పొత్తు: పర్గెటరీ (చచ్చిన రాక్షసుల ఆత్మలుండే లోకం) తలుపు తెరవాలి, అక్కడి ఆత్మల్ని చెరిసగం పంచుకోవాలి.

20వ ఎపిసోడ్ మళ్లీ చూడండి. డీన్ ఇంటి బయట ఎండుటాకులు పోగుచేస్తుంటాడు. సాయం అడుగుదామని వచ్చిన క్యాస్టియల్ కంటబడకుండా నిలబడి, నోరు విప్పకుండానే క్రౌలీ మాటకు లొంగిపోతాడు. అసలు తప్పు బేరంలో లేదు, ఆ అడగకపోవడంలోనే ఉంది. అదే ఎపిసోడ్‌లో సూపర్‌మ్యాన్ ప్రస్తావన తెచ్చి దొరికిపోతాడు. అది అతను లేనప్పుడు డీన్ వాళ్లు అనుకున్న మాట, అంటే చాటుగా వింటున్నాడన్నట్టు.

“అంతా డీన్‌ కోసమే” అని వాదించేవాళ్లు 22వ ఎపిసోడ్ దగ్గర ఇరుక్కుంటారు. నరకం జ్ఞాపకాలు బయటికి రాకుండా సామ్ మనసులో ఉన్న గోడను క్యాస్టియల్ కావాలనే కూలుస్తాడు, అన్నదమ్ములు తన దారికి అడ్డురాకుండా. దాన్ని వెనకేసుకురావడం కష్టం. (సామ్‌ను నరకంలోని బోనులోంచి తీసిందీ అతనే, కాకపోతే ఆత్మను అక్కడే వదిలేసి!)