రెండో భాగంలో పేర్లు కలగాపులగం అవుతుంటే

‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి భాగం అయ్యాక నెలల తరబడి ఆగి రెండోది తెరిచానని, ఎవరెవరో గుర్తు రావట్లేదని, నిద్రకు ముందు ఐదు పేజీలు మించి కదలట్లేదని రాశారు. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదండీ, ఆ విరామానిది. 1954-55లో మూడు సంపుటాలుగా వచ్చినా అది నిజానికి ఒకే నవల.

మొదటి భాగమంతా మళ్ళీ చదవక్కర్లేదు. ఎల్రాండ్ సభ జరిగే అధ్యాయం, ఆఖరి అధ్యాయం చదివితే చాలు. ఉంగరాన్ని ఎందుకు నాశనం చేయాలో, సారుమాన్ ద్రోహం ఏమిటో సభ అధ్యాయంలో, ఉంగరంతో బయల్దేరిన బృందం ఎలా చెదిరిందో ఆఖరి అధ్యాయంలో దొరుకుతాయి.

చాలామంది తడబడేది సౌరాన్, సారుమాన్ దగ్గరే. మోర్డోర్ దేశంలో ఉన్న ప్రధాన శత్రువు సౌరాన్, ఐసెన్‌గార్డ్ కోటలోని మాంత్రికుడు సారుమాన్. ఒక చీటీ మీద పేరు, చోటు, ఎవరి పక్షమో రాసి పుస్తకంలోనే పెట్టుకోండి. ఆరగార్న్, స్ట్రైడర్ ఒక్కడే కాబట్టి ఒకే వరుసలో రాయండి. పది పేర్లు దాటితే ఆ చీటీ మళ్ళీ చూడరు.

ఇంకోటి, రెండో భాగం మొదటి సగంలో ఉంగరం మోసే కథానాయకుడు ఫ్రోడో అసలు కనిపించడు. రెండో సగం పూర్తిగా అతనిదీ, అతని తోడు శామ్‌దీ, కాలం కూడా కాస్త వెనక్కి వెళ్తుంది. ఇది తెలియకే చాలామంది అక్కడ వదిలేస్తారు, ఎంత నష్టమో!

ఐదేసి పేజీలు ఈ నవలకు సరిపడవు. ప్రయాణ వర్ణనలోనే నిద్రొస్తుంది. వారానికి రెండు మూడుసార్లు కూర్చుని ఒక్కో అధ్యాయం పూర్తి చేయండి, పడుకునే ముందు చిన్న కథలు చదువుకోండి. పేర్ల కోసం మూడో సంపుటం చివరి అనుబంధాల్లోకి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి, అక్కడి కాలక్రమ పట్టిక ముగింపంతా చెప్పేస్తుంది.